డాక్టరమ్మను అడగండి: మంచు ఊళ్ల పిల్లలు, చక్కెర నీళ్లు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే చోటు గురించి అడిగాయి. కెనడా ఉత్తరాన, చెట్టు మొలవని మంచు నేల మీద ఉండే ఇన్యూట్ అనే ఆదివాసీల పిల్లల గురించి. నేను విన్నిపెగ్‌లో పిల్లల డాక్టరుగా ఇరవై రెండేళ్లు పనిచేశానని ఈ శీర్షిక చదివేవారికి తెలుసు. వాళ్లుండే ఉత్తరపు ప్రాంతం పేరు నునావుట్. అందులో హడ్సన్ బే అనే అఖాతానికి పడమటి ఒడ్డున ఉన్న కివాలిక్ ఊళ్లలో పిల్లలకు పెద్ద జబ్బు చేస్తే విమానం ఎక్కించి విన్నిపెగ్‌కే పంపుతారు. ఏడాదిలో రెండు మూడు సార్లు నేనే రాంకిన్ ఇన్‌లెట్, ఆర్వియాట్ ఊళ్లకు వెళ్లి వారం పది రోజులు ఉండేదాన్ని. కాబట్టి ఈసారి జాగా అంతా వీటికే ఇస్తున్నాను. మోకాళ్ల నొప్పుల గురించి రాసినవారు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: డాక్టరు గారూ, మావారి ఉద్యోగరీత్యా రెండేళ్లుగా ఇకాలుయిట్‌లో ఉంటున్నాం. బడిలో ఉదయం పిల్లలకు టిఫిను పెట్టే పనిలో నేను సాయం చేస్తుంటాను. ఐదారేళ్ల పిల్లలు కూడా బొద్దుగా, బరువుగా ఉన్నారు. ముందు ముందు వీళ్లకు షుగర్ రావచ్చని నర్సు చెబుతోంది. ఇళ్లలో పచ్చి మాంసం, సీల్ అనే సముద్రపు జంతువు కొవ్వు, తిమింగలం తోలు తింటారు. కారణం ఆ కొవ్వేనా? తల్లులకు మెల్లగా చెప్పి మాన్పించవచ్చా? మా బాబుకు ఆరేళ్లు, సన్నగా ఉంటాడు. వాడికి భయం లేదుగా?
– ఒక సోదరి, నునావుట్, కెనడా

అమ్మా, దయచేసి ఎవరికీ ఏమీ మాన్పించకండి. ఆ తప్పు నేను ఒకసారి చేశాను, అందుకే ముందుగా చెబుతున్నాను.

రాంకిన్ ఇన్‌లెట్‌కు వెళ్లడం నాకది రెండోసారి. ఎనిమిదేళ్ల పిల్లను అమ్మమ్మ తీసుకొచ్చింది. పిల్ల బరువు ఎక్కువ, మెడ వెనక చర్మం మట్టి పట్టినట్టు నల్లగా మందంగా ఉంది. మన ఇళ్లలో అయితే సున్నిపిండి పెట్టి రుద్దుతారు, పోదు. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువై, చేయాల్సిన పని సరిగా చేయలేకపోతే కనబడే గుర్తు అది. నా సంచిలో విన్నిపెగ్ నుంచి తెచ్చిన ఆహారపు కాగితం ఉంది. వెన్న తీసిన పాలు, రోజుకు ఐదుసార్లు పండ్లు కూరగాయలు, జంతువుల కొవ్వు తగ్గించాలి. దుబాసీ ఆమె చేత దాన్ని వాళ్ల భాష ఇన్యుక్టిటుట్‌లో చెప్పించాను. అమ్మమ్మ అంతా విని, కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంది. ఒక్క మాట అనలేదు.

మర్నాడు ఊళ్లోని పెద్ద కొట్లో ఆమె కనబడింది. నా చేయి పట్టుకుని పండ్ల అర దగ్గరకు తీసుకెళ్లింది. ద్రాక్ష గుత్తి ముడతలు పడి ఉంది. విన్నిపెగ్‌లో నేనిచ్చే ధరకు మూడింతలు రాసి ఉంది. పాలూ అంతే. ఆ పక్క వరసలో నేల నుంచి నడుము ఎత్తు వరకు కూల్‌డ్రింక్ పెట్టెలు. అక్కడ దాన్ని పాప్ అంటారు. నునావుట్‌లో ఉన్న 25 ఊళ్లలో ఏ ఊరికీ మరో ఊరి నుంచి రోడ్డు లేదు. పండు రావాలంటే విమానంలో రావాలి. చెడిపోని సరుకు మాత్రం వేసవిలో మంచు కరిగాక ఓడలో వచ్చి ఏడాదంతా నిలవుంటుంది. చెడిపోనివి ఏమిటి? పాప్, చిప్స్, నూడుల్స్, మైదా, చక్కెర.

ఆ సాయంత్రం ఆమె నన్ను ఇంటికి పిలిచింది. నేల మీద అట్టపెట్టె విప్పి పరిచి, గడ్డకట్టిన కారిబూ (అక్కడి మంచు దుప్పి) మాంసం, ఆర్కిటిక్ చార్ చేప పెట్టి, ఉలు అనే అర్ధచంద్రపు కత్తితో పల్చగా చెక్కింది. చుట్టూ పదిమంది చేరారు. మన ఊళ్లో తాటిముంజెలు కొట్టినప్పుడు చేరినట్టే. ముందురోజు నా గదిలో తలెత్తని ఆ పిల్ల అట్ట పక్కన కూర్చుని ముక్క మీద ముక్క తింది. నా వైపు చూసి ‘మమక్తుక్’ అంది. రుచిగా ఉందని. ఆ పూట ఎవరూ పాప్ అడగలేదు.

నేను వాళ్ల చేత మాన్పించబోయింది ఆ భోజనాన్ని.

ఆ తిండిని అక్కడ ఇంగ్లీషులో కంట్రీ ఫుడ్ అంటారని మీకు తెలిసే ఉంటుంది. సీల్ మాంసంలో ఉన్నంత ఇనుము కోడిమాంసంలో, పాలకూరలో వెతికినా దొరకదు. మక్తాక్ అంటే తిమింగలం తోలు, దాని కింది కొవ్వు. చెట్టు మొలవని చోట స్కర్వీ అనే చిగుళ్ల జబ్బు రాకుండా కాపాడిన విటమిన్ సి అందులో ఉంది. చార్ చేపలో విటమిన్ డి, మంచి కొవ్వు ఉంటాయి. సూర్యుడు ముఖం చాటేసే నెలల్లో ఇవే ఆధారం. కంట్రీ ఫుడ్ తిన్న రోజున వాళ్ల ఒంటికి పోషకాలు ఎక్కువగా అందుతాయనీ, చక్కెర తక్కువగా వెళుతుందనీ మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్లు 1990ల నుంచి చెబుతూనే ఉన్నారు. 355 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో 39 గ్రాముల చక్కెర, అంటే దాదాపు పది చెంచాలు. ఆకలి తీరదు, కడుపు నిండదు. రోజుకు రెండు మూడు తాగే పిల్ల రోజూ ఎంత చక్కెర తింటోందో మీరే లెక్క వేయండి.

ఇంకో మాట మనసుకు కష్టంగా ఉంటుంది. 2007, 2008 సంవత్సరాల్లో నునావుట్‌లోని 16 ఊళ్లలో మూడు నుంచి ఐదేళ్ల పిల్లల ఆరోగ్యం మీద సర్వే చేశారు. సగానికి పైగా పిల్లలు బరువు ఎక్కువ. అదే పిల్లల ఇళ్లలో, పదింట ఏడింటిలో, తిండికి కొరత. కొందరు తల్లులు పిల్లలకు పెట్టి తాము పస్తులుంటున్నారు. బొద్దుగా ఉన్న పిల్లను చూసి ‘తిండి ఎక్కువైంది’ అని మనం అనుకుంటాం. ఆ ఇంట్లో మంచి తిండి లేదు. చవకగా దొరికే చక్కెర, మైదా మాత్రం ఉన్నాయి. మీరు బడిలో పెట్టే టిఫిను కొందరికి ఆ రోజు మొదటి భోజనం. దాన్ని చిన్న పని అనుకోకండి.

ఎందుకిలా అయిందో అమ్మమ్మలనే అడగాలి. ఆ అమ్మమ్మ చిన్నతనంలో కారిబూ మందలు దారి మళ్లాయి. 1958 చలికాలంలో గ్యారీ లేక్ దగ్గర మనుషులు ఆకలితో చనిపోయారు. బతికినవాళ్లను తీరపు ఊళ్లకు తరలించారు. రాంకిన్ ఇన్‌లెట్‌లో నికెల్ గని 1957లో తెరిచి 1962లో మూసేశారు. వేట వదిలి కూలికి వచ్చినవాళ్లకు కూలీ పోయింది. పిల్లల్ని బళ్లకు పట్టుకుపోయారు. వేట నేర్చుకోవాల్సిన వయసులో వాళ్లు వేరే భాషలో పాఠాలు వల్లె వేశారు. తర్వాత 1983లో యూరప్ సీల్ పిల్లల తోళ్లు కొనడం ఆపింది. పెద్ద సీల్ తోళ్లకూ ధర పడిపోయింది. తోలు అమ్మిన డబ్బుతోనే వేటగాడు పెట్రోలు, తూటాలు కొనుక్కునేవాడు. ఇప్పుడు మంచు మీద నడిచే స్నోమొబైల్ బండి ఉంటేనే వేట, పెట్రోలుకు జీతం కావాలి, జీతం ఉంటే వేటకు తీరిక లేదు. మీరున్న బాఫిన్ దీవిలో కారిబూలు తగ్గి 2015 జనవరిలో వేటనే పూర్తిగా ఆపారు, తర్వాత కొద్దికొద్దిగా అనుమతి ఇచ్చారు. ఇన్ని జరిగాక ఒక తల్లిని పిలిచి ‘నీ పిల్ల లావుగా ఉంది’ అనడానికి నాకు నోరు రాదు.

తల్లులు, అమ్మమ్మలు కాదనలేకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. తెలుగువాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. చనిపోయిన పెద్దల పేరు పుట్టిన బిడ్డకు పెడతారు. పేరుతో పాటు వరస కూడా వస్తుంది. నేను చెప్పిన ఆ అమ్మమ్మ మనవరాలిని ‘అనానా’ అని పిలిచేది. అమ్మ అని. పిల్లకు ఉన్నది ఆమె తల్లి పేరు. మా అక్క మనవరాలికి మా అమ్మ పేరు పెట్టారు. ఆ పిల్ల మీద మా ఇంట్లో ఎవరికీ చెయ్యి లేవదు, గొంతూ లేవదు. తల్లి పేరున్న బిడ్డ పాప్ అడిగితే ఆకలి చూసిన మనిషి ఎలా లేదనగలదు?

ఆమెకు నేను రెండో కాగితం ఇవ్వలేదు. ఇంట్లో మంచినీళ్లు, చక్కెర లేని టీ ఉండేలా, పాప్ శనివారం మాత్రమే ఉండేలా ఆమే ఏర్పాటు చేసుకుంది. ఏడాది తర్వాత చూస్తే పిల్ల బరువు తగ్గలేదు, అక్కడే నిలిచింది. పొడవు నాలుగు వేళ్లు పెరిగింది. పిల్లల విషయంలో నేను కోరుకునేది అదే. ఎదిగే బిడ్డను పస్తు పెట్టి బరువు దించకూడదు.

ఇక మీ బాబు సంగతి. బరువును ఎత్తుతో లెక్కగట్టే బీఎంఐ అందరికీ ఒకేలా సరిపోదమ్మా. ఇన్యూట్‌లకు నడుము పైభాగం పొడవు, కాళ్లు పొట్టి. ఆ లెక్క వాళ్లను ఉన్నదానికన్నా లావుగా చూపిస్తుంది. అదే బీఎంఐ దగ్గర యూరప్‌వాళ్లతో పోలిస్తే వాళ్ల రక్తపోటు, రక్తంలో కొవ్వు తక్కువగా ఉంటున్నాయని కెనడా, గ్రీన్‌లాండ్, అలాస్కా ఇన్యూట్‌లను కలిపి చేసిన పరిశీలనలో 2007లో తేలింది. మనది తలకిందులు. పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన పిల్లల్ని డాక్టర్ యాజ్ఞిక్ బృందం ఇంగ్లండులోని సౌతాంప్టన్ పిల్లలతో పోల్చింది. మనవాళ్లు సగటున 2.7 కిలోలు, వాళ్లు 3.5. అంత చిన్న బిడ్డల్లో కండ తక్కువ, కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు. సన్నగా కనబడే మన పిల్లాడి ఒంట్లో కొవ్వు దాగి ఉంటుంది. అందుకే మన పెద్దవాళ్లకు బీఎంఐ 25 బదులు 23 దగ్గరే జాగ్రత్త పడమంటారు. మీ బాబు సన్నగా ఉన్నాడని నిశ్చింతగా ఉండకండి. వాడికీ అదే మందు: పాప్ వద్దు, మంచులో ఆటలు ఆడనివ్వండి, మీరు తినేవారైతే చార్ చేప పులుసు పెట్టండి. ఎవరైనా వేటకు పోయి వచ్చి సీల్ మాంసం పంపితే మర్యాదగా తీసుకోండి. వాళ్లు వేట మాంసాన్ని పదిమందికీ పంచుతారు, పంచినప్పుడు మిమ్మల్ని తమవాళ్లలో కలిపారన్నమాట.

ప్రశ్న: మేడమ్, నేను తిరుపతిలో బీఎస్సీ చదువుతున్నాను. ఎస్కిమోలు కొవ్వు తిన్నా గుండెజబ్బు రాదని పాఠంలో చదివాను. ఇప్పుడేమో వాళ్ల జన్యువులోనే షుగర్ ఉందని వీడియోలో చెప్పారు. ఏది నిజం?
– ఒక విద్యార్థి

బాబూ, ముందు ఆ పేరు మార్చుకో. ఎస్కిమో అన్నది బయటివాళ్లు పెట్టిన పేరు, చాలామందికి నచ్చదు. ఇన్యూట్ అంటే మనుషులు అని అర్థం. ఒక్కరైతే ఇనుక్.

గుండె సంగతి 1970లలో బాంగ్, డైయర్‌బెర్గ్ అనే ఇద్దరు డెన్మార్క్ పరిశోధకులు గ్రీన్‌లాండ్‌లోని ఉమ్మన్నాక్ ప్రాంతంలో చేసిన పరిశోధన నుంచి వచ్చింది. చేపనూనె గోలీలు మన మందుల షాపుల దాకా రావడానికి మూలం కూడా అదే. గుండెజబ్బు నిజంగా అంత తక్కువా అని తర్వాత ప్రశ్నించినవారూ ఉన్నారు.

జన్యువు మాట నిజం, వీడియోవాళ్లు సగమే చెప్పారు. 2014లో గ్రీన్‌లాండ్ ఇన్యూట్‌లలో టీబీసీ1డీ4 అనే జన్యువులో ఒక మార్పు బయటపడింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ మారినవే వచ్చినవాళ్లు అక్కడ నూటికి నలుగురు. వాళ్లకు షుగర్ వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా పది రెట్లు. ఎలాగంటే, మనం తిన్నాక ఇన్సులిన్ పిలిస్తే కండరం తలుపు తెరిచి రక్తంలోని చక్కెరను లోపలికి తీసుకుంటుంది. ఈ మార్పు ఉన్నవాళ్ల కండరంలో ఆ తలుపు సరిగా తెరుచుకోదు. కాలేయం బాగానే పనిచేస్తుంది కాబట్టి పరగడుపున చూస్తే చక్కెర మామూలుగానే ఉంటుంది. గ్లూకోజ్ తాగించి రెండు గంటలాగి చూస్తే అప్పుడు చుక్కలు కనబడతాయి. కెనడా, అలాస్కా ఇన్యూట్‌లలోనూ అదే మార్పు ఉందనీ, పరగడుపు పరీక్షనో మూడు నెలల సగటు చూపే పరీక్షనో నమ్ముకుంటే చాలామంది తప్పిపోతారనీ 2016లో తేల్చారు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటిదాకా ఎంతమంది పిల్లలకు పరగడుపు పరీక్ష చూసి ‘ఏం లేదు, వెళ్లిరండి’ అన్నానో!

ఇప్పుడు రెండో సగం. 1960ల మొదట్లో గ్రీన్‌లాండ్‌లో వేలమందిని పరీక్షిస్తే షుగర్ ఉన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. 1999 తర్వాత చూస్తే 35 ఏళ్లు దాటినవాళ్లలో దాదాపు నూటికి పదిమంది. వాళ్లలో పదింట ఏడుగురికి తమకు షుగర్ ఉన్నట్టే తెలియదు. పరీక్ష చేసే పద్ధతులు మారిన మాట నిజమే, అయినా ఇంత తేడా దానివల్ల రాదు. నలభై ఏళ్లలో జన్యువు మారుతుందా? మారదు. మాంసం, చేప, కొవ్వు తిన్నన్నాళ్లూ ఆ తలుపు గట్టిగా తట్టాల్సిన పనే పడలేదు. చక్కెర వచ్చాక పడింది. ‘వాళ్ల రక్తంలోనే ఉంది’ అని చెప్పి ఊరుకుంటే కొట్లో ధరలు మార్చే బాధ్యత ఎవరికీ ఉండదు. నేను ఆ మాటను ఒప్పుకోను.

ఒక వివరం కూడా గుర్తుపెట్టుకో. ఇన్యూట్ పిల్లల్లో టైప్ 2 షుగర్ నేను చూసింది తక్కువే. భయం వాళ్లు పెద్దయ్యాక సంగతి. కానీ విన్నిపెగ్ ఉన్న మానిటోబా రాష్ట్రంలో ఉత్తరాన ఉన్న ఓజీ-క్రీ అనే మరో ఆదివాసీ జాతి పిల్లల్లో పదేళ్లకే అది వచ్చింది. వాళ్లదీ వేరే జన్యువు మార్పు, అదే కొట్టు తిండి. ఇరవైల్లో డయాలసిస్ కుర్చీలో కూర్చున్న ఆడపిల్లల్ని విన్నిపెగ్‌లో చూశాను. పన్నెండేళ్లప్పుడు నా దగ్గరకు వచ్చినవాళ్లే. నునావుట్‌లో ప్రతి ముగ్గురిలో ఒకరు 15 ఏళ్ల లోపువారు. నాకెందుకు తొందరో నీకిప్పుడు అర్థమై ఉంటుంది.

ప్రశ్న: డాక్టరమ్మగారికి నమస్కారం. నేను నర్సును. కెనడాలో లైసెన్సు వచ్చింది, నునావుట్‌లో ఒక ఊరికి ఆరునెలల కాంట్రాక్టు మీద వెళుతున్నాను. పిల్లల బరువు, షుగర్ విషయంలో ఏం గుర్తుంచుకోవాలి?
– ఒక సోదరి, ప్రస్తుతం ఒంటారియో

మంచిది తల్లీ, వెళ్లు.

మొదట పళ్లు చూడు. పాల సీసాలో తీపి పోసి పడుకోబెట్టిన పిల్లల పళ్లు మూడేళ్లకే పుచ్చిపోతాయి. పళ్లకు మత్తిచ్చి ఆపరేషన్ చేయించడానికి పసివాళ్లను విమానాల్లో విన్నిపెగ్‌కు తెచ్చేవారు. మెడ కన్నా, రక్తం కన్నా ముందు చక్కెర సంగతి పళ్లే చెబుతాయి. తల్లిపాలు ఇస్తున్న అమ్మాయి కనబడితే ఆమెకు నీ చేతనైనంత బలం ఇవ్వు.

పిల్లలు నోటితో జవాబు చెప్పకపోతే మొండి అనుకోకు. కనుబొమలు పైకి ఎత్తితే అవును, ముక్కు ముడిస్తే కాదు. నాకు ఇది తెలియక మొదటి వారం ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగేదాన్ని, వాళ్లు మూడుసార్లూ ఓపిగ్గా కనుబొమలు ఎత్తారు.

అనుమానం ఉన్న పిల్లకు పరగడుపు పరీక్షతో సరిపెట్టకుండా రెండు గంటల గ్లూకోజ్ పరీక్ష చేయిద్దామని డాక్టరుతో మాట్లాడు. పిల్లలకు కిలో బరువుకు 1.75 గ్రాముల గ్లూకోజ్, ఎంత బరువున్నా 75 గ్రాములు దాటకూడదు. రెండు గంటలు పిల్లను కూర్చోబెట్టడం కష్టం. దూది, రంగు పెన్సిళ్లు దగ్గర పెట్టుకో.

పాదరసం, రసాయనాలు సీల్‌లో, తిమింగలంలో చేరాయన్న భయంతో కొందరు తల్లులు కంట్రీ ఫుడ్ అంతా మానేస్తారు. ఆ విషాలు దక్షిణాదిన పుట్టి గాలిలో, నీటిలో అక్కడికి చేరినవి. వాళ్లు చేసినవి కావు. సలహా మాత్రం చాలా చిన్నది: గర్భిణులు, గర్భం కోరుకునేవాళ్లు రింగ్డ్ సీల్ అనే రకం సీల్ కాలేయం బదులు దాని మాంసం తినాలని నునావుట్ ఆరోగ్యశాఖ 2012లో చెప్పింది. కాలేయం వద్దంది, సీల్ వద్దనలేదు. తల్లులతో ఈ తేడా విడమరిచి చెప్పు, దుబాసీ ఎదురుగా ఉండగా చెప్పు.

నీ ట్రంకులో కందిపప్పు, చింతపండు, కారం ఆరునెలలకు సరిపడా పెట్టుకో. తాజా కూరల ఆశ పెట్టుకోకు. ఊళ్లో దిగిన మొదటి వారంలోనే బడికి వెళ్లి ఉదయం టిఫిను ఎవరు పెడుతున్నారో, సరుకు ఎన్ని రోజులకు ఉందో కనుక్కో. చాలకపోతే ఎవరికి రాయాలో అక్కడి వంటమనిషికి తెలిసి ఉంటుంది. ఆమెను అడిగి నాకూ ఒక ఉత్తరం రాయి.